మ్రింగిన మందు రక్తమునకు చేరుట ఎట్లు? – పైత్యరసము చేయు పని

హైదరాబాదు పాతబస్తీకి మన పల్లెలనుండి జనము రాని దినము లేదు. పెండ్లిబట్టలకు పత్తర్‌గట్టీకి, గాజులకు లాడ్‌బజారుకు వచ్చువారు కొందరు. నయాపూల్‌కు ఈవల, మూసీ యొడ్డున అఫ్జల్‌గంజ్‌లోనున్న ఉస్మానియా ఆసుపత్రికి రోగిని వెంటబెట్టుకొని వచ్చి, వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీతో మందుల అంగడి ముందు నిలుచువారు మరికొందరు. అంగడివాడు పొట్లములు చేతికిచ్చుచు, "ఇది తిన్నాక, ఇది పరగడుపున" అని ఒక్క మాటు చెప్పును. బస్సెక్కి ఊరు చేరులోపల ఏది తిన్నాకనో, ఏది పరగడుపుననో మరపునకు వచ్చును. మందు మందే కదా, ఎప్పుడు వేసికొన్ననేమి, అని అన్నిటిని ఒక్క గుక్కలో మ్రింగువారిని మేము చాలమందిని చూచియున్నాము.

తిన్న తరువాత వేసికొమ్మనుట కడుపులో మంట పుట్టకుండుటకే యని పెక్కుమంది తలంతురు. కొన్ని మందుల విషయమున అది నిజమే. కాని మరికొన్ని మందులున్నవి. అవి తిండితో, అందులోను కొంచెము నూనెయో నేయియో ఉన్న తిండితో వేసికొన్ననే రక్తమునకు చేరును; వట్టి నీళ్లతో మ్రింగినచో చాలభాగము మలముతో వెలికి పోవును. మాత్ర ఒకటే, ధర ఒకటే, రోగి ఒక్కడే. ఒంటబట్టిన మందుమాత్రము వేరు. ఈ భేదమునకు మూలము మన కాలేయమునుండి ఊరు పైత్యరసము. పంచాయతీ సభ్యులు వైద్యులు కానక్కరలేదు. కాని ఊరిలో మాత్రల పంపకము జరుగునాడు, పసికందునకు కామెర్లు కనబడినపుడు, మొదట సలహా అడుగబడువారు మీరే. కావున ఈ సంగతి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

పైత్యమనగా వేడి చేయుననియు, తల తిరుగుననియు మనవారందురు. ఎవడైన అర్థము లేని పని చేసినచో "వానికి పైత్యము" అని నవ్వుటయు కలదు. ఆయుర్వేదమున వాత, పిత్త, కఫములలో పిత్తమొకటి. చార్మినార్ ప్రక్కనేగల నిజామియా యునానీ వైద్యశాలలో హకీములు దీనినే 'సఫ్రా' యందురు. రక్తము, శ్లేష్మము, నల్లని పిత్తముతో కలిపి శరీరములోని నాలుగు ధాతువులలో ఒకటిగా లెక్కింతురు. పూర్వ వైద్యులెల్లరు ఈ పసుపుపచ్చని చేదు ద్రవమునకు పెద్దపీట వేసిరి. ఇందులో పచ్చదనమునకు కారణమైన రంగు వేరు, పని చేయు లవణములు వేరు. ఆ లవణములకు మూలమైన ఆమ్లముల నిర్మాణమును పరిశోధించినందులకు జర్మనీ దేశపు హైన్రిచ్ వీలాండ్‌కు 1927 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

మన కాలేయము రోజునకు సుమారు అర లీటరునుండి ఒక లీటరు వరకు పైత్యరసమును తయారుచేయును. అందులో కొంత పిత్తాశయమను చిన్న సంచిలో చేరి, అక్కడ చిక్కబడి యుండును. మనము తిన్న కొవ్వు చిన్నప్రేగు మొదటి భాగమును తాకగనే, ఆ ప్రేగు గోడనుండి ఒక రసాయన సందేశము రక్తముద్వారా పిత్తాశయమునకు పోవును. వెంటనే ఆ సంచి ముడుచుకొని చిక్కని పైత్యరసమును ప్రేగులోనికి విడుచును. చెరువు నిండుగా నున్నను తూము ఎత్తినగాని పొలమునకు నీరు రాదు కదా. ఇక్కడ తూము ఎత్తునది కొవ్వు. గంజి త్రాగినచో తూము కొద్దిగ లేచును. నేతి అన్నము తిన్నచో బాగుగ లేచును. వట్టి నీళ్లు త్రాగినచో దాదాపు లేవదు.

ఇక ఆ లవణములు చేయు పని చూతము. పాతబస్తీలో తెల్లవారుజామున నహారీ వడ్డించు హోటళ్లు కలవు. రాత్రియంతయు మందమైన సెగమీద ఉడికిన ఆ కాళ్ల పులుసు, వేడిగ నున్నంతసేపు పలుచగ నుండును. తిన్న గిన్నెను అరగంట అట్లే వదలినచో క్రొవ్వు గడ్డకట్టి అంచులకు అంటుకొనును. దానిపై ఎన్ని చెంబుల నీళ్లు పోసినను జారిపోవునే కాని జిడ్డు వదలదు. కుంకుడు రసమో, సబ్బో వేసి రుద్దినపుడు జిడ్డు సన్నని కణములై నీటిలో కలిసిపోవును. పైత్యరస లవణము మన ప్రేగులోని కుంకుడు రసము. దాని కణమునకు రెండు ముఖములు: ఒకటి నీటికి ఇష్టమైనది, రెండవది నూనెకు ఇష్టమైనది. ఇట్టి కణములు అనేకములు గుమిగూడి, నూనెకు ఇష్టమైన ముఖములను లోపలకు, నీటికి ఇష్టమైన ముఖములను వెలుపలకు త్రిప్పుకొని చిన్న చిన్న ఉండలగును. ఒక్కొక్క ఉండ అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు రెండు లక్షలవ వంతు మాత్రమే. నీటిలో కరగని పదార్థము ఈ ఉండ కడుపులో చేరి, పల్లకిలో కూర్చున్నట్లు ప్రేగు గోడవరకు ప్రయాణము చేయును.

గోడవరకు అని ఊరక వ్రాయలేదు. ప్రేగు మధ్యభాగమున ద్రవము కదలుచుండును గాని, గోడను అంటిపెట్టుకొని కదలని పలుచని నీటిపొర యొకటి ఉండును. నీటితో పొత్తులేని మందు ఆ పొరను దాటలేక ఆగిపోవును. పైత్యరసపు ఉండ దానిని పొర దాటించి గోడ దగ్గర దింపును. మందు లోనికి పోవును, ఉండ విడిపోవును. లవణములు మాత్రము వ్యర్థము కావు. చిన్నప్రేగు చివరి భాగమున నూటికి తొంబదియైదు వంతులు తిరిగి పీల్చబడి, రక్తముద్వారా కాలేయమునకే చేరి, మరల ప్రేగులోనికి వచ్చును. శరీరమునందలి మొత్తము లవణములు రెండు నుండి నాలుగు గ్రాములు మాత్రమే. అవే రోజునకు ఆరు మొదలు పది సార్లు ఇట్లు తిరుగుచుండును. ఇంతటి పొదుపు మన పంచాయతీ లెక్కలలో కనబడిన ఎంత బాగుండును! క్షయ వంటి రోగము సోకి ప్రేగు చివరి భాగము చెడినపుడు ఈ రాకపోకలు తెగిపోయి, లవణములు మలముతో పోవును. అట్టి రోగికి కొవ్వు జీర్ణము కాదు, నూనెలో కరగు మందులు సరిగా ఒంటబట్టవు.

ఆస్పిరిన్, పారాసిటమాల్ వంటి మాత్రలకు ఈ పల్లకి అవసరము లేదు. అవి నీటిలో చాలినంత కరగును. పల్లకి కావలసినవి నీటిలో కరగని మందులు. తామరకు ఇచ్చు గ్రిసియోఫుల్విన్ ఇట్టి వానిలో పాతది. కొవ్వు గల భోజనముతో వేసికొన్నపుడు రక్తములో దాని మోతాదు సుమారు రెండింతలగుచున్నదని 1961లోనే ప్రకటింపబడినది. మలేరియాకు ఇచ్చు మందులలో లుమెఫాంట్రిన్ ఇంతకంటె పట్టుదల గలది. కొవ్వు గల తిండితో తీసికొన్నచో వట్టి కడుపుతో పోల్చిన పదింతలకు పైగా రక్తమునకు చేరును. జ్వరముతో అన్నము సహింపని రోగికి ఈ మాత్రను కొన్ని పాలతోనైన ఇమ్మని చెప్పుట అందుకే. కుష్ఠువ్యాధికి ఇచ్చు మూడు మందులలో క్లోఫాజిమిన్ కూడ తిండితోనో పాలతోనో వేసికొనవలసినదే.

ఆల్బెండజోల్ మాత్ర మన పిల్లలందరు ఎరిగినది. 2015 నుండి జరుగుచున్న జాతీయ నులిపురుగుల నివారణ దినమున బడులలోను, అంగన్‌వాడీలలోను దీనినే నమిలింతురు. ఇక్కడ పురుగు ప్రేగులోనే యున్నది. మందు రక్తమునకు చేరకపోయినను ప్రేగులోనే దాని పని అది చేయును. కాని బద్దెపురుగు పిల్లదశలో మెదడునకు చేరి మూర్ఛలు తెప్పించు రోగమునకు కూడ వైద్యులు ఇదే మాత్ర ఇత్తురు. అప్పుడు మందు ప్రేగు గోడ దాటి, రక్తమున కలిసి, మెదడు చేరవలెను. ఆ రోగికి కొవ్వు గల భోజనముతో ఇచ్చినచో వట్టి కడుపుతో ఇచ్చినదానికంటె రక్తములో మందు ఐదింతల వరకు ఎక్కువగును. ఒకే మాత్ర, పురుగు చోటునుబట్టి వేసికొను పద్ధతి మారుచున్నది. "బడిలో మా పిల్లవానికి ఎట్లో ఇచ్చిరి, నాకును అట్లే చాలును" అని మూర్ఛరోగి అనుకొన్నచో నష్టపోవును.

అట్లని అన్ని మందులకు నేయి తగిలించుట తప్పు. క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్ తిండితో వేసికొన్నచో తక్కువగ ఒంటబట్టును. థైరాయిడ్ మాత్ర వట్టి నీళ్లతో పరగడుపున వేసికొనవలసినది. కొన్ని మందులు పైత్యరసపు ఉండలలోనే చిక్కుకొని, దిగుట మరచిన ప్రయాణికునివలె క్రిందికి పోవును. కొలెస్ట్రాల్ తగ్గించుటకు ఇచ్చు కొలెస్టిరమిన్ అను పొడి పైత్యరస లవణములనే పట్టుకొని మలముతో బయటికి తీసికొనిపోవును. దానితోపాటే వేసికొన్న ఇతర మందులను కూడ పట్టుకొనును. కావున వానికి నడుమ గంటల ఎడము ఉంచుమందురు. మందుల కర్మాగారములలో క్రొత్త మాత్రను పరీక్షించుటకు రెండు రకముల కృత్రిమ ప్రేగురసమును వాడుదురు. ఒకటి పస్తున్న కడుపుది, రెండవది తిన్న కడుపుది. 1998లో ప్రకటింపబడిన ఈ రసములలో రెండవదానియందు పైత్యరస లవణము మొదటిదానికంటె ఐదింతలుండును. తినక ముందునకు, తిన్న తరువాతకు ప్రేగులో ఎంత భేదమున్నదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఈ భేదము పాతబస్తీలో రంజాను మాసమున బాగుగ తెలియవచ్చును. పగలెల్ల ఉపవాసము. తెల్లవారకముందు సహర్ భోజనము, సూర్యాస్తమయమున ఖర్జూరముతో ఇఫ్తార్, ఆపైన గోధుమ, మాంసము, పప్పు, నేయి కలిపి గంటలకొలది దంచిన హలీమ్. 2010లో హైదరాబాదు హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు లభించినది. దాని రుచిని మేము వేరుగ వర్ణింపనక్కరలేదు. రోజునకు మూడు మాటులు మాత్రలు వేసికొను రోగి ఆ నెలలో అన్నిటిని రాత్రివేళకు కుదించుకొనును. పరగడుపున వేయవలసిన మాత్ర హలీమ్ వెనుక కడుపులో పడును. కొవ్వుతో వేయవలసిన మాత్ర ఒక్క ఖర్జూరముతో, మంచినీళ్లతో పోవును. మందు మారలేదు, మోతాదు మారలేదు, అయినను ఫలితము మారును. వ్యాధిగ్రస్తులకు ఉపవాసము నుండి మినహాయింపు ఇస్లాము ధర్మమునందే కలదు. ఉపవాసము విడువ మనసురాని వారు మాసారంభమునకు ముందే చీటీ తీసికొనిపోయి వైద్యునితో వేళలు నిర్ణయింపజేసికొందురు. మన గ్రామములలో ఏకాదశి పస్తులు, కార్తిక సోమవారములు, దీక్షల నియమములు లేకపోలేదు. అక్కడను ఇదే జాగ్రత్త పనికివచ్చును. చాల ఊళ్లలో ఇట్టి విషయమున వైద్యుని అడుగువారే లేరు.

పిల్లల విషయమునకు వత్తము. ఇదే నగరమున, పాతబస్తీకి దూరముగ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. కూనూరులో 1918లో చిన్న పరిశోధనగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. రేచీకటికి, పిల్లల అంధత్వమునకు కారణమైన ఏ విటమిన్ లోపముపై ఇక్కడి శాస్త్రజ్ఞులు విశేషకృషి చేసిరి. 1970లో దేశమంతట పిల్లలకు ఏ విటమిన్ ద్రావకమును త్రాగించు పథకము మొదలైనది. నేడు తొమ్మిదవ నెల నిండగనే ఒక లక్ష యూనిట్లు, ఆపైన ఐదేండ్ల వయసు వరకు ఆరేసి నెలలకొక మాటు రెండు లక్షల యూనిట్లు త్రాగింతురు. ఏ విటమిన్ నీటిలో కరగదు, నూనెలో కరగును. అందుచేతనే ఆ ద్రావకమును నూనెలో కలిపి ఇత్తురు. తూము ఎత్తు కొవ్వును మందుతోపాటే పంపుటయన్నమాట.

ఆకుకూరలకు అట్టి సదుపాయము లేదు. పాలకూరలో, తోటకూరలో ఏ విటమిన్‌గా మారు పచ్చని పదార్థము సమృద్ధిగ నున్నను, నూనెచుక్క లేని పులుసుగ పెట్టినచో బిడ్డకు చాలభాగము దక్కదు. ఈ సంస్థవారే 1980లో ప్రకటించిన పరిశోధనలో పిల్లలు తిను ఆకుకూరకు ఐదు నుండి పది గ్రాముల కొవ్వు చేర్చినపుడు ఆ పదార్థము మెరుగుగ ఒంటబట్టినట్లు చూపిరి. ఐదు గ్రాములనగా ఒక చిన్న చెంచాడు నూనె. అంగన్‌వాడీకి వచ్చు నూనె లెక్కను తనిఖీ చేయు సభ్యులు ఈ చెంచాను గుర్తుంచుకొందురుగాక. ఆకుకూర వండిరి, నూనె మిగిల్చిరి అన్నచో అది ఆదా కాదు.

ఇంతవరకు పైత్యరసము ప్రేగులోనికి చక్కగ వచ్చుచున్నదను తలంపుతో వ్రాసితిమి. దారి మూసికొన్నపుడేమగును? పిత్తనాళములో రాయి అడ్డుపడినను, గడ్డ పెరిగినను పైత్యరసము ప్రేగునకు రాక వెనుకకు తన్ని రక్తమున కలియును. కండ్లు, చర్మము పచ్చబడును. ఒళ్లెల్ల దురద పుట్టును. మూత్రము ముదురు రంగుగ పోవును. మలము మాత్రము తెల్లగ, సుద్దవలె నగును. మలమునకు రంగునిచ్చునది పైత్యరసమే కనుక, అది తెల్లబడినదనగా పైత్యరసము ప్రేగునకు చేరుటలేదని అర్థము. కామెర్లన్నిటిని ఒకే కామెర్లుగ ఎంచి పసరు పోయించుట, కంటిలో పిండించుట మన ప్రాంతమున నేటికి జరుగుచున్నది. పిత్తాశయమును శస్త్రచికిత్సతో తీసివేసినవారి సంగతి వేరు. సంచి లేకున్నను కాలేయమునుండి రసము నేరుగ ప్రేగునకు వచ్చుచుండును గనుక వారికి సాధారణముగ ఈ చిక్కు లేదు.

దారి మూసికొన్నవారికి ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టవు. వీనిలో ప్రాణముమీదికి తెచ్చునది కె లోపము. రక్తము గడ్డకట్టుటకు ఇది అవసరము. కొవ్వు లేని మేత తిన్న కోడిపిల్లలకు రక్తస్రావము కలుగుట చూచి డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ దీనిని కనుగొనెను. 1943 సంవత్సరపు నోబెల్ బహుమానములో భాగము పొందెను. అంతకు పూర్వము కామెర్ల రోగికి శస్త్రచికిత్స చేసినచో నెత్తురు నిలువక మరణించుట తరచుగ జరుగుచుండెడిది. 1938లో అమెరికా వైద్యులు అట్టి రోగులకు కె విటమిన్‌ను పైత్యరస లవణములతో కలిపి మ్రింగించిరి, నెత్తురు గడ్డకట్టెను. లవణములు లేక విటమిన్ ఒక్కటే మ్రింగించినచో ఏమియు ఫలింపదు. ఇప్పుడు మ్రింగించు అవసరమే లేకుండ సూదిమందుగ ఇత్తురు. సుద్దవంటి మలము పోవు కామెర్ల రోగిని వారములకొలది పసరుమీద నుంచుటలో ఇంటివారు గుర్తింపని అపాయము ఇదియే. పసరు మేలు చేయునా కాదా యను వాదము అటుంచి, ఆ వారములలో రోగి రక్తమునకు గడ్డకట్టు శక్తి సన్నగిల్లుచుండును.

పసికందుల విషయమున గడువు ఇంకను తక్కువ. పుట్టిన మొదటి వారమున చాలమంది శిశువులు కొంచెము పచ్చబడుదురు, అది తగ్గిపోవును. రెండు వారములు దాటియు పచ్చదనము పోక, మలము తెల్లగ, మూత్రము బట్టకు పసుపు మరక పట్టునట్లుగ నున్నచో, ఆ బిడ్డకు పిత్తనాళములే మూసికొనిపోయి యుండవచ్చును. దీనికి జపాను వైద్యుడు మోరియో కసాయ్ 1959లో ఒక శస్త్రచికిత్సను ప్రకటించెను. కాలేయమునకు ప్రేగును నేరుగ కలిపి పైత్యరసమునకు క్రొత్త దారి వేయుట అందలి పద్ధతి. బిడ్డకు రెండు నెలలు నిండకముందు చేసినపుడు ఫలితము మెరుగు. ఆలస్యమైన కొలది కాలేయము గట్టిపడిపోవును. చికిత్స లేనిచో ఇట్టి బిడ్డలలో పెక్కుమంది రెండేండ్లు దాటరు. ఈలోపల కె విటమిన్ ఒంటబట్టక మెదడులో రక్తస్రావమైన బిడ్డలును కలరు. శస్త్రచికిత్సకు ముందును పిదపను ఈ బిడ్డలకు కొబ్బరినూనెనుండి తీసిన ఒక తరగతి కొవ్వును ఇత్తురు. అది పైత్యరసపు పల్లకి లేకయే ప్రేగు దాటగలది.

కాన్పయిన వెంటనే ప్రతి శిశువునకు తొడలో ఇచ్చు కె విటమిన్ సూది మొదటి వారముల రక్తస్రావమునుండి కాపాడును. కాన్పు ఇంటివద్ద జరిగినచో ఆ సూది తప్పిపోవును. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘపు సమావేశమున ఆశా కార్యకర్తను అడుగవలసిన ప్రశ్నలు రెండున్నవి: ఈ నెలలో పుట్టిన బిడ్డలందరికి ఆ సూది పడినదా, పదునైదవ దినమున ఎవరి మలమైన తెల్లగ నున్నదా. రెండవ ప్రశ్నకు అవునన్న సమాధానము వచ్చినచో ఆ బిడ్డను మరుసటి సమావేశమువరకు ఆపక, ఆనాడే జిల్లా ఆసుపత్రికి పంపవలెను.